తంబూరా ఎక్కడ మాయమవుతోంది?

ప్రశ్న: నమస్కారమండీ. విజయనగరం సంగీత కళాశాలలో డిప్లొమా చేసి, ఇరవై రెండేళ్లుగా ఇంట్లోనే గాత్రం నేర్పుతున్నాను. ఉండేది సింహాచలం కొండ దిగువన, అడవివరంలో. కరోనా దగ్గర్నుంచి సగం క్లాసులు ఆన్‌లైన్‌కి మారిపోయాయి. హైదరాబాద్, బెంగళూరుల్లో ఐదుగురు, న్యూజెర్సీలో ఒకమ్మాయి ఉన్నారు. సాయంత్రం ఆరు దాటిందంటే క్లాసు మొదలుపెట్టాలంటే టెన్షన్. గొంతు ముక్కలు ముక్కలుగా వస్తుంది, బొమ్మ బిగుసుకుపోతుంది, తంబూరా కాసేపు వినిపించి మాయమైపోతుంది. పోయిన శనివారం న్యూజెర్సీ అమ్మాయి తోడి రాగంలో గాంధారం (‘గ’ స్వరం) పదిసార్లు పాడితే పదిసార్లూ నాకు బల్లపరుపుగానే వినిపించింది. కాస్త గట్టిగానే మందలించాను. పిల్ల ఏడ్చేసింది. తర్వాత వాళ్లమ్మ ఫోన్‌లో రికార్డు చేసినది పంపితే, అందులో గమకం, అంటే స్వరంలోని ఊగు, చక్కగా ఉంది! ఇంట్లో 40 ఎంబీపీఎస్ ప్లాన్ ఉంది. మా అబ్బాయి ఇంట్లోంచే ఉద్యోగం చేస్తాడు, వరండాలో సీసీ కెమెరా ఉంది. కేబుల్ అబ్బాయి 100 ప్లాన్‌కి మారమంటున్నాడు. మారితే బాగుపడుతుందా?
– సంగీతం టీచర్, అడవివరం

సమాధానం: అమ్మా, ముందు ఆ పిల్ల సంగతి. ఆమె తప్పు పాడలేదు, మీ చెవీ మోసపోలేదు. మీ దాకా వచ్చిన గాంధారం నిజంగానే బల్లపరుపుగా ఉంది. దారిలో ఏం జరిగిందో తెలిస్తే మిగతా సలహా అంతా సులువుగా బోధపడుతుంది.

అవతల అమ్మాయి పాడగానే ఆమె ఫోన్ ఆ ధ్వనిని సన్న సన్న ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్క మామూలుగా 20 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు యాభై. ఒక్కో ముక్క ఒక్కో ప్యాకెట్‌గా బయలుదేరి మీ ఇంటికి చేరాలి. అందులో రెండు మూడు దారిలో తప్పిపోయాయనుకోండి, లేదా ఆలస్యంగా వచ్చాయనుకోండి. యాప్ వాటికోసం కాచుకుని కూర్చోదు. అంతకు ముందు విన్న ధ్వనినే కాస్త సాగదీసి ఆ ఖాళీని పూడ్చేస్తుంది. మాటల్లో అయితే ఇది మనం గమనించం కూడా. ‘రేపు వస్తాను’లో అర అక్షరం పోయినా మనసు పూరించేసుకుంటుంది. తోడి గాంధారం అలా కాదు కదా. దాని ప్రాణమంతా ఆ ఊగులోనే ఉంది. ఊగే చోట నాలుగు ముక్కలు పోయి, వాటి బదులు ముందు స్వరాన్నే సాగదీస్తే మీకు వినిపించేది నిలువు స్వరమే. అందుకే మీలాంటి టీచర్లకు మిగతా అందరికంటే మంచి కాల్ కావాలి. ఆఫీసు మీటింగుకు సరిపోయే నెట్ సంగీతం క్లాసుకు సరిపోదు.

ఇక 100 ప్లాన్ మాట. ఇప్పుడే మారకండి. ఇళ్లలో నెట్ సరిచేసే ఈ పని నేను చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ప్లాన్ పెంచుకున్నా కాల్ అలాగే తెగుతోందని నాకు ఫోన్ చేసినవాళ్లు చాలామందే ఉన్నారు. కారణం లెక్కలోనే ఉంది. జూమ్‌లో మాట ఒక్కటే వెళ్లాలంటే 60 నుంచి 80 కేబీపీఎస్ చాలు (వెయ్యి కేబీపీఎస్ ఒక ఎంబీపీఎస్). ఇద్దరి మధ్య మామూలు వీడియోకి సుమారు 600 కేబీపీఎస్, 720పీ హెచ్‌డీకి 1.2 ఎంబీపీఎస్. మీ దగ్గరున్న 40లో ఇది ఏ మూలకి? కాబట్టి గొట్టం సన్నగా ఉండటం మీ సమస్య కాదు. గొట్టంలో ఎవరు ముందు నిలబడ్డారన్నదే సమస్య.

మీరు కొండ దిగువనే ఉంటారు కాబట్టి చందనోత్సవం రోజు క్యూ ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. మీ చేతిలో ఒక్క కొబ్బరికాయే ఉన్నా, ముందున్న వందల మంది కదిలేదాకా మీరు కదలలేరు. మీ ధ్వని ముక్క కూడా అంతే. చాలా చిన్నది, కానీ చాలా తొందరలో ఉంది. దాని ముందు సీసీ కెమెరా వీడియో, మీ అబ్బాయి పంపే ఆఫీసు ఫైళ్లు, ఎవరి ఫోన్‌లోనో వైఫై దొరకగానే మొదలయ్యే గూగుల్ ఫోటోస్ బ్యాకప్ బారులు తీరి ఉంటాయి. ఇవన్నీ ఇంట్లోంచి బయటికి వెళ్లే దారిలో, అంటే అప్‌లోడ్‌లో పోగవుతాయి. ప్లాన్ పేరులో కనిపించే 40, 100 సాధారణంగా డౌన్‌లోడ్ అంకెలు. అప్‌లోడ్ కొన్ని ప్లాన్లలో దానితో సమానంగా ఉంటుంది, కొన్నిట్లో చాలా తక్కువ. ఆ అంకె కేబుల్ అబ్బాయిని విడిగా అడగాలి.

ఈ క్యూ మీ ఇంట్లో ఉందో లేదో ఇవాళ సాయంత్రమే తేల్చుకోవచ్చు. ఏడు గంటల ప్రాంతంలో ఫోన్‌లో ఫాస్ట్ డాట్ కామ్ తెరవండి. పెద్ద అంకె వచ్చాక కింద ‘షో మోర్ ఇన్ఫో’ నొక్కండి. అక్కడ లేటెన్సీ, అంటే ప్యాకెట్ వెళ్లి రావడానికి పట్టే ఆలస్యం, రెండు రకాలుగా చూపిస్తుంది, ఖాళీగా ఉన్నప్పుడు ఒకటి, లైను నిండా పని ఉన్నప్పుడు ఒకటి. దాని పక్కనే అప్‌లోడ్ కూడా ఉంటుంది. ఖాళీగా 15, 20 మిల్లీసెకన్లు ఉన్నది లోడ్‌లో 60, 70కి పోతే పరవాలేదు. 400, 500 దాటిందంటే మీ గాంధారం అక్కడే పోతోంది. ఆ అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి. మర్నాడు ఉదయం ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి మళ్లీ చూడండి. ఉదయం బాగుండి రాత్రి పాడైతే మీ వీధి మొత్తం ఒకేసారి నెట్ వాడుతోందని అనుకోవచ్చు. రోజంతా పాడుగానే ఉంటే తప్పు మీ ఇంట్లో ఉంది, లేదా మీ ఇంటికొచ్చే వైరులో ఉంది.

ఇంట్లోని ఈ క్యూని తగ్గించడానికి పైసా ఖర్చు లేదు. క్లాసు జరిగే గంటసేపు అందరి ఫోన్లలో ఫోటోల బ్యాకప్ ఆపేయండి. కెమెరా రికార్డింగ్ క్లౌడ్‌కి వెళ్తుంటే దాన్ని లోపల మెమరీ కార్డుకి మార్చండి, లేదా యాప్‌లో క్వాలిటీ తగ్గించండి. పెద్ద ఫైళ్లు క్లాసు అయ్యాక పంపమని అబ్బాయికి చెప్పండి. అతను కాదనడు, అతని మీటింగులు తెగుతుంటే అదీ ఇందుకే కావచ్చు. రౌటర్‌లో ‘క్యూఓఎస్’ అనే (ఏ పనికి ఎంత దారి ఇవ్వాలో నిర్ణయించే) సెట్టింగ్ ఉంటే, అప్‌లోడ్ హద్దుని అసలు వేగంలో 85, 90 శాతం దగ్గర పెట్టమని కేబుల్ అబ్బాయిని అడగండి. కొంచెం వేగం వదులుకుంటాం గానీ క్యూ పేరుకోదు. నా లెక్కలో ఇది చాలా మంచి బేరం.

రౌటర్ ఎక్కడుందో మీరు రాయలేదు. కంచరపాలెంలో ఒక వయొలిన్ మాస్టారి ఇంటికి ఇలాంటి పని మీదే వెళ్లాను. రౌటర్ ముందు గదిలో, ఇనుప బీరువా వెనక, గోడకీ బీరువాకీ మధ్య బెత్తెడు సందులో ఉంది. ఆయన క్లాసు చెప్పేది వెనక గదిలో. మధ్యలో పాతకాలపు మందపాటి గోడలు రెండు. వైఫైకి ఇనుప బీరువాని మించిన శత్రువు లేదు. అది చాలదన్నట్టు, గోడలోంచి వచ్చే సన్నటి పసుపు ఫైబర్ వైరు బీరువా కాలి కింద నలిగి, మడత పడి ఉంది. ఫైబర్‌లో పోయేది వెలుతురు. వైరు గట్టిగా వంగితే ఆ వెలుతురు వంపు దగ్గర బయటికి జారిపోతుంది. బీరువా జరిపి, వైరుని అరచేయంత వెడల్పు చుట్టగా వదులుగా చుట్టి, మేకుకి తగిలించాం. అక్కడి నుంచి ఆయన గదికి గుమ్మం పైగా ఒక లాన్ వైరు (వైఫై లేకుండా రౌటర్ నుంచి నేరుగా నెట్ ఇచ్చేది) లాగాం. ఆ రోజు మాస్టారు కాల్‌లో మొదట అన్న మాట, ‘ఒరే, నీ కమాను చప్పుడు వినిపిస్తోందిరా!’ అని.

మీకూ అదే చెబుతాను. లాప్‌టాప్‌లో క్లాసు చెబుతుంటే లాన్ వైరు పెట్టుకోండి. ‘క్యాట్ 6’ అని అడిగితే ఇస్తారు. వంద మీటర్ల దాకా లాగినా తేడా ఉండదు, కాబట్టి మీ ఇంట్లో ఏ గదికైనా వస్తుంది. లాప్‌టాప్‌కి లాన్ పోర్టు లేకపోతే యూఎస్‌బీ లాన్ అడాప్టర్ దొరుకుతుంది. అలాంటిదే టైప్-సీ అడాప్టర్‌తో చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకూ వైరు పెట్టవచ్చు. వైరు కుదరకపోతే, రౌటర్ ఉన్న గదిలోనే కూర్చుని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో పక్క వాటాల వైఫైలు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ గుమిగూడతాయి. 5 గిగాహెర్ట్జ్ వైఫై గోడలు దాటడంలో బలహీనం గానీ, ఒకే గదిలో అయితే బాగా శుభ్రంగా ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మీ తంబూరా మాయమవడానికి నెట్‌తో సంబంధమే లేదు! దాన్ని తీసేస్తున్నది యాప్. జూమ్ లాంటివి మనుషులు మాట్లాడుకోవడానికి తయారైనవి. మాట ఆగుతూ, పెరుగుతూ, తగ్గుతూ ఉంటుంది. ఎడతెగకుండా ఒకే తీరున మోగే ధ్వని ఏదైనా వాటి దృష్టిలో ఫ్యానో ఏసీనో. తంబూరా పని ఎడతెగకుండా మోగడమే కదా! యాప్ దాన్ని కాసేపు విని, ‘ఇది రొద’ అని తేల్చుకుని తుడిచేస్తుంది. మీరు షడ్జమం మీద ఎక్కువసేపు నిలిచినా, అకారంలో దీర్ఘంగా సాగినా ఒక్కోసారి గొంతు సన్నబడిపోవడం కూడా ఇందువల్లే.

దీనికి మందు జూమ్‌లోనే ఉంది. ఆడియో సెట్టింగుల్లో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ అని ఉంటుంది. దాన్ని ఎంచుకుని, కాల్ మొదలయ్యాక తెర మీద కనిపించే అదే పేరు బటన్‌ని మళ్లీ ఆన్ చేయాలి. చాలామంది మొదటిది చేసి రెండోది మరిచిపోతారు. దాని కిందే ‘హై ఫిడెలిటీ మ్యూజిక్ మోడ్’ ఉంటుంది, అదీ పెట్టండి. స్టీరియో మాత్రం వద్దు. ఒక గొంతుకీ ఒక తంబూరాకీ అక్కర్లేదు, ఊరికే రెట్టింపు లాగుతుంది. మైకు వాల్యూమ్‌ని తనంతట తాను సర్దే టిక్ కూడా తీసేయండి. అది ఉంటే మీరు మెల్లగా పాడినది పెంచేసి, గట్టిగా పాడినది అణిచేస్తుంది. మీ గొంతులోని ఎత్తుపల్లాలన్నీ పిల్లలకు చదునుగా చేరతాయి. గూగుల్ మీట్‌లో అయితే సెట్టింగుల్లో నాయిస్ క్యాన్సిలేషన్ కనిపిస్తే ఆఫ్ చేయండి. వాట్సాప్ కాల్‌లో సంగీతం క్లాసు వద్దనే అంటాను.

ఒక్క సంగతి బాగా గుర్తుంచుకోవాలి. రొద తుడవడం సాధారణంగా పంపే వైపు జరుగుతుంది. మీరెంత సరిచేసుకున్నా, ఆ అమ్మాయి వైపు సెట్టింగ్ పాతదే అయితే ఆమె తంబూరా, ఆమె తొడ మీద వేసే తాళం దెబ్బ మీకు చేరవు. కాబట్టి ఆరుగురు పిల్లల తల్లిదండ్రులకూ ఈ మార్పులు చెప్పండి. మీరే ఒకసారి చేసి, ఫోన్ తెర ఫోటోలు తీసి గ్రూపులో పెడితే అందరికీ తేలిక.

ఇయర్‌ఫోన్స్ వైరు ఉన్నవే వాడండి, పిల్లలకూ అదే చెప్పండి. బ్లూటూత్‌వి పాట వినడానికి బాగానే ఉంటాయి. కానీ వాటి మైకు వాడుకోగానే చాలావరకు ఫోన్ కాల్ పద్ధతిలోకి మారిపోయి, వినే ధ్వని కూడా డొల్లగా అయిపోతుంది. ఆలస్యం అదనం. ఒరిజినల్ సౌండ్ పెట్టినప్పుడు ఇయర్‌ఫోన్స్ లేకపోతే స్పీకర్ ధ్వని మళ్లీ మైకులోకి వెళ్లి ఎకో రావచ్చు. ఎలక్ట్రానిక్ తంబూరా మైకుకి మూరెడు దూరంలో ఉంచండి, గొంతుని మించకూడదు.

వీడియో గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మొదటి ఐదు నిమిషాలు బొమ్మ ఉంచండి. కూర్చునే తీరు, నోరు తెరిచే తీరు, తాళం చెయ్యి చూడండి. ఆ తర్వాత ఇబ్బంది మొదలైతే మొహమాటపడకుండా ఇద్దరూ వీడియో ఆపేయండి. ‘ఫీజు కడుతున్నాం, టీచర్ కనబడాలి కదా’ అని తల్లిదండ్రులు అనుకోవచ్చు. వాళ్లకి ఈ గాంధారం కథ చెప్పండి, అర్థం చేసుకుంటారు. మొబైల్ డేటా మీద క్లాసుకి వచ్చే పిల్లలకు ఇది డబ్బు సంగతి కూడా. హెచ్‌డీ వీడియో రానూపోనూ కలిపి గంటకి ఒక జీబీ దాటుతుంది. మాట్లాడుకునే ధ్వని ఒక్కటే అయితే 70 ఎంబీ చుట్టుపక్కల. మ్యూజిక్ మోడ్ పెడితే అది కాస్త పెరుగుతుంది, అయినా వీడియో ముందు ఏ మూలకీ రాదు.

బొమ్మ కావాల్సిందే అనుకుంటే దాని బరువు తగ్గించండి. జూమ్ వీడియో సెట్టింగుల్లో హెచ్‌డీ టిక్ తీసేయండి, మీట్‌లో 360పీ పెట్టండి. బొమ్మలో మారిన భాగాన్నే యాప్ మళ్లీ మళ్లీ పంపుతుంది, మారని గోడని పంపదు. మీ వెనక కర్టెన్ గాలికి ఊగుతున్నా, టేబుల్ ఫ్యాన్ తిరుగుతున్నా ప్రతి క్షణం అదంతా కొత్తగా పంపాల్సిందే. చీకటి గదిలో అయితే కెమెరా బొమ్మ నిండా చుక్కలు చుక్కలుగా గరుకు వస్తుంది. ఆ చుక్కలన్నీ కదలికే అనుకుని వాటికీ డేటా పోస్తుంది. ఉత్త గోడ ముందు కూర్చుని, ముఖానికి ఎదురుగా ఒక లైటు పెట్టుకోండి. అదే నెట్ మీద మీరే తేడా చూస్తారు.

ఇంకొకటి, కలిసి పాడించకండి. ఇది ఏ ప్లాన్‌తోనూ కుదరదు. విశాఖ నుంచి న్యూజెర్సీ తిన్నగా కొలిచినా సుమారు 13,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి ఒక వైపుకే 65 మిల్లీసెకన్లు తప్పవు. కేబుళ్లు తిన్నగా పోవు, మధ్యలో ఎన్నో మజిలీలు, రెండు చివర్లా ఫోన్ చేసే పని ఉంటుంది. అన్నీ కలిపి రానూపోనూ 250 దాటడం మామూలే. మామూలు మాటలకే ఒక వైపు ఆలస్యం 150 లోపు ఉండాలని అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ చెబుతుంది. ఇక మీ లెక్కలో చూడండి. ఆది తాళం సెకనుకో అక్షరం వేసుకుంటే మూడో కాలంలో, అంటే అక్షరానికి నాలుగు స్వరాల చొప్పున, ఒక్కో స్వరం 250 మిల్లీసెకన్లు. అంటే మీరు ‘రి’ అన్నాక ఆమె సరిగ్గా మీతోనే అన్నా, మీకు ‘గ’ దగ్గర వినిపిస్తుంది. పిల్లని ‘వెనకబడ్డావు’ అంటాం. ఆమె పరుగెత్తుతుంది, తాళం చెడుతుంది.

అందుకని మీరు పాడేటప్పుడు ఆమె మైకు మ్యూట్‌లో ఉండాలి. ఆమె పాడేటప్పుడు మీరు తాళం కూడా వేయకూడదు. శ్రుతి ఎవరిది వాళ్ల గదిలోనే మోగాలి. తాళం ఆమే వేసుకోవాలి, తెర మీద చేతిని కాకుండా దెబ్బ చప్పుడుని నమ్మి మీరు సరిదిద్దాలి. హైదరాబాద్, బెంగళూరు పిల్లలకు ఆలస్యం చాలా తక్కువే ఉంటుంది గానీ, వాళ్లతోనూ ఇదే పద్ధతి మంచిది.

గమకాల పాఠానికి మాత్రం లైవ్ కాల్‌ని పూర్తిగా నమ్మవద్దు. వాళ్లమ్మ రికార్డు చేసి పంపారన్నారు చూడండి, దాన్నే అలవాటు చేయండి. క్లాసుకు ముందురోజు పిల్ల ఆ వారం పాఠాన్ని ఫోన్‌లో రికార్డు చేసి వాట్సాప్‌లో ‘డాక్యుమెంట్’గా పంపాలి. రికార్డు చేసిన ఫైలు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఆలస్యంగా చేరవచ్చు గానీ ముక్కలు పోవు. పోయిన ముక్కని మళ్లీ అడిగి తెప్పించుకునే తీరిక దానికి ఉంటుంది, కాల్‌కి ఉండదు. మీరు తంబూరా పెట్టుకుని తీరిగ్గా వినండి, ఎక్కడ ఊగు తగ్గిందో కాగితం మీద రాసుకోండి. మీరు పాడినదీ అలాగే పంపండి. అప్పుడు క్లాసు గంటంతా పాడించడానికీ, సందేహాలకీ మిగులుతుంది.

న్యూజెర్సీ క్లాసు సమయం కూడా ఆలోచించండి. మన సాయంత్రం వీధంతా నెట్ మీద ఉంటుంది. మన ఆదివారం ఉదయం ఆరు అంటే అక్కడ శనివారం రాత్రి ఎనిమిదిన్నర. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి జరిపాక ఏడున్నరే. ఆ వేళకి మీరు ఎలాగూ సాధనలో ఉంటారు, లైను కూడా ఖాళీ. పిల్ల నిద్ర వేళకి అడ్డం రాకపోతే వాళ్లమ్మని అడిగి చూడండి.

వానాకాలానికి ముందు రౌటర్‌కి ఒక చిన్న 12 వోల్టుల యూపీఎస్ కొనండి. కరెంటు రెప్పపాటు పోయినా రౌటర్ మళ్లీ లేవడానికి రెండు మూడు నిమిషాలు తినేస్తుంది. ఫైబర్ డబ్బా మీద ‘ఎల్ఓఎస్’ లైటు ఎర్రగా వెలిగితే అది బయటి వైరు సమస్య. మీరు రీస్టార్ట్ చేస్తూ కూర్చోవద్దు, వెంటనే ఫోన్ చేయండి. ఆ పూటకి మొబైల్ డేటా వాడాల్సివస్తే, కొండ అడ్డు రాని వైపు కిటికీ దగ్గర ఫోన్ పెట్టి, హాట్‌స్పాట్ బదులు యూఎస్‌బీ వైరుతో లాప్‌టాప్‌కి కలపండి.

ఇవన్నీ చేసి రెండు వారాలు చూశాక కూడా ఎవరూ వాడని వేళ అప్‌లోడ్ 2 ఎంబీపీఎస్‌కి రాకపోతే అప్పుడు ప్లాన్ మార్చండి. అప్పుడు కూడా ‘అప్‌లోడ్ ఎంత ఇస్తావు?’ అనే అడగండి. 100 అన్న మాటకి డబ్బు కట్టకండి.

ఈ శనివారం ఆ అమ్మాయి కాల్‌లోకి రాగానే పాఠానికి ముందు ఒక్క నిమిషం ఆగి, వాళ్లమ్మ పంపిన రికార్డు విన్నానని, పోయిన వారం గాంధారం మింగేసింది నెట్ అని ఆమెతో చెప్పండి.